తిప్పితే గీతలు ఎందుకు విడిపోతున్నాయి?

ప్రశ్న: వెక్‌ట్రెక్స్ అనే, గీతలతోనే బొమ్మలు చూపే పాత గేమ్ యంత్రం కోసం చిన్న ఆట రాస్తున్నాను. ఓడను నాలుగు గీతలతో గీశాను. నిటారుగా ఉన్నప్పుడు బాగానే ఉంది. తిప్పితే మాత్రం కొన్ని కోణాల్లో ముక్కు దగ్గర గీతలు కలవడం లేదు. బయోస్‌లోని (యంత్రంలోనే ఉండే ప్రోగ్రామ్) తిప్పే రొటీన్ వాడినా, పైథాన్‌లో సొంతంగా రాసుకున్న టూల్ వాడినా అదే తంతు. తప్పు ఎక్కడుంది?

జవాబు: మీ సైన్, కొసైన్ సరిగ్గానే ఉండి ఉంటాయి. తప్పంతా రౌండ్ చేసే చోట, అంటే దశాంశాన్ని దగ్గరి పూర్ణాంకానికి మార్చే చోట ఉంది. 1982లో వచ్చిన ఈ యంత్రంలో బొమ్మను మూలల స్థానాలుగా కాకుండా, ఒక మూల నుంచి తర్వాతి మూలకు ఎంత జరగాలో ఆ తేడాలుగా రాసుకుంటాం. బయోస్ రొటీన్ ఆ తేడాలనే ఒక్కొక్కటిగా తిప్పుతుంది. మీ టూల్ కూడా అదే చేస్తున్నట్టుంది. అలా చేస్తే ప్రతి గీత విడిగా రౌండ్ అవుతుంది, ఆ చిల్లర తేడాలన్నీ చివరి గీత దగ్గర పోగుపడతాయి.

ఒక ఓడతో చూద్దాం. మూలలను (అడ్డం, నిలువు) వరసలో రాస్తున్నాను: ముక్కు (0, 20), కుడి తోక (10, −12), మధ్య గాడి (0, −6), ఎడమ తోక (−10, −12), మళ్లీ ముక్కు. దీన్ని గడియారానికి ఎదురు దిశలో 22.5 డిగ్రీలు తిప్పాలి. కొసైన్ 0.924, సైన్ 0.383.

తేడాలను తిప్పి రౌండ్ చేస్తే అడ్డం విలువలు 21, −12, −7, −3 వస్తాయి. కూడితే −1. బొమ్మ మొదలైన చోటుకు తిరిగి రాలేదన్నమాట, మీకు కనిపిస్తున్న సందు అదే. ఇప్పుడు మూలలనే తిప్పి రౌండ్ చేయండి: (−8, 18), (14, −7), (2, −6), (−5, −15). ఆ తర్వాతే తేడాలు తీయండి. అడ్డం 22, −12, −7, −3. నిలువు −25, 1, −9, 33. రెండింటి మొత్తమూ సున్నా. ఏ కోణంలోనైనా ఇలాగే సున్నా వచ్చి తీరుతుంది, ఎందుకంటే బయల్దేరిన మూలా చేరిన మూలా ఒకే రౌండ్ చేసిన బిందువు.

టూల్ చివర ఒక తనిఖీ పెట్టుకోండి: మూసిన బొమ్మకు ప్రతి కోణంలో రెండు మొత్తాలూ సున్నా కాకపోతే ఫైలు రాయకుండా ఆగిపోవాలి. మొత్తాలు సున్నా అయి, ఎమ్యులేటర్‌లో (యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) గీతలు కలిసి, అసలు యంత్రం మీదే సందు కనిపిస్తే మాత్రం అది బీమ్ డ్రిఫ్ట్, అంటే తెర మీద గీతలు గీసే ఎలక్ట్రాన్ పుంజం కాస్త పక్కకు జరగడం. దానికి లెక్కలో మందు లేదు. ప్రతి వస్తువు గీశాక బీమ్‌ను మధ్యకు రీసెట్ చేయండి, ఒకే జాబితాలో మరీ ఎక్కువ గీతలు పెట్టకండి.

ఇంకో ఉపాయం. ఇదే ఓడను మూడు రెట్లు పెద్దగా గీసి, స్కేల్‌ను మూడో వంతుకు తగ్గించండి. తెర మీద పరిమాణం అంతే ఉంటుంది, రౌండింగ్ లోపం మాత్రం మూడో వంతు అవుతుంది. స్కేల్ అంటే బీమ్ కదిలే సమయం కాబట్టి గీయడం కూడా త్వరగా అయిపోతుంది. బీమ్ వేగంగా పోవడం వల్ల గీత కాస్త మసకబారుతుంది, ప్రకాశం పెంచుకోవాలి.

ప్రశ్న: ఓడ తిరిగేకొద్దీ చిన్నదవుతూ చివరికి చుక్కలా మిగులుతోంది. ఎందుకు?

జవాబు: తిప్పిన బొమ్మనే మళ్లీ తిప్పుతున్నారు. ముక్కు (0, 20)ను ఒక్క మెట్టు, అంటే చుట్టులో 64వ వంతు, 5.625 డిగ్రీలు తిప్పితే (−1.96, 19.90) రావాలి. పైథాన్‌లో ఇంట్ ఫంక్షన్ దశాంశాలను కత్తిరించేస్తుంది కనుక అది (−1, 19) అవుతుంది. 20 పొడవు ఒక్క మెట్టుకే 19కి దిగింది. ఇంట్ బదులు రౌండ్ వాడండి. అది సగం మందే. ప్రతిసారీ మూల బొమ్మ నుంచే కొత్త కోణానికి తిప్పాలి. బయోస్ రొటీన్‌కూ ఇదే నియమం: ఎక్స్ రిజిస్టర్ (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ చోటు) మూల జాబితాను, యూ రిజిస్టర్ ర్యామ్‌లో వేరే చోటును చూపాలి. రెండూ ఒకటే అయితే అసలు బొమ్మ చెరిగిపోతుంది.

అన్నట్టు, ఆ రొటీన్ పిలిచేటప్పుడు డైరెక్ట్ పేజీ (పొట్టి చిరునామాలను ఏ మెమరీ భాగంలో చూడాలో చెప్పే రిజిస్టర్) హెక్స్ సీ8 ఉండాలి, గీసే రొటీన్లకు డీ0. తిప్పడం బాగా జరిగి, గీసే చోట ఆట ఆగిపోతే ముందు అక్కడే చూడండి.

ప్రశ్న: 64 కోణాలకూ ముందే లెక్కకట్టి పట్టిక పెడితే కార్ట్రిడ్జ్ (ఆటను దాచే మెమరీ పెట్టె) నిండిపోదా?

జవాబు: నిండదు. పై ఓడకు గీతల సంఖ్యకు 1 బైటు, మధ్య నుంచి ముక్కుకు వెళ్లే కదలికకు 2, నాలుగు గీతలకు 8, మొత్తం 11 బైట్లు. 64 కోణాలకు 704. మామూలు 32 కేబీ కార్ట్రిడ్జ్‌లో అది లెక్కలోకి రాదు. అన్ని జాబితాలూ ఒకే పొడవు కాబట్టి చిరునామాల పట్టిక కూడా అక్కర్లేదు: కోణాన్ని 11తో గుణించి, మొదటి జాబితా చిరునామాకు కలపండి. ఈ యంత్రపు ప్రాసెసర్ 6809లో గుణకారం (మల్) ఒక్క సూచనే, 11 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు). సంఖ్య బైటులో గీతల లెక్క కంటే ఒకటి తక్కువ రాయాలి, నాలుగు గీతలకు 3. అక్కడ 4 పెడితే ఓడకు ఎక్కడికో దూసుకుపోయే కొమ్ము మొలుస్తుంది. మధ్య నుంచి వెళ్లే ఆ మొదటి కదలికను తిప్పడం మరిస్తే ఓడ తన నడుము చుట్టూ కాక ముక్కు చుట్టూ తిరుగుతుంది.

వేగం కోసమే అయితే ఒక్క ఓడకు పట్టిక అవసరం లేదు. సెకనుకు 50 ఫ్రేములు, ఫ్రేముకు 30,000 సైకిళ్లు. ఐదు జతలకు (మొదటి కదలిక, నాలుగు గీతలు) జతకు నాలుగు చొప్పున 20 గుణకారాలు, అంటే 220 సైకిళ్లు, గుర్తులు చూసుకోవడం అదనం. పది రాళ్లు కూడా తిరుగుతుంటే అప్పుడు పట్టికే మేలు. నా వరకు పట్టిక వాడేది వేగానికి కాదు, గీతలు కలవడానికి.

1979 నాటి అటారీ యాస్టరాయిడ్స్ ఆటలో ఓడకు పావు చుట్టు బొమ్మలే దాచి, మిగతావి తిరగేసి వాడారు. మీరూ 16 కోణాలే దాచి 528 బైట్లు మిగుల్చుకోవచ్చు. కానీ ఇక్కడ అటూ ఇటూ మార్చిన జాబితాను ర్యామ్‌లోకి రాసుకోవాలి, ర్యామ్ మొత్తం 1 కేబీయే, అందులో బయోస్ వాటా పోను మిగిలింది మీది. నేనైతే చేయను. చేస్తే −128 ఎక్కడా రానివ్వకండి: ఎనిమిది బిట్లలో దాని గుర్తు మార్చినా −128గానే ఉంటుంది.

ప్రశ్న: పెద్ద బొమ్మ తిప్పితే ఒక గీత హఠాత్తుగా వెనక్కి తిరిగిపోతోంది.

జవాబు: ఒక విలువ 127 దాటింది, గుర్తు ఉన్న బైటులో పట్టే గరిష్ఠం అదే. (100, 100) తేడా ఉన్న గీత పొడవు 141. 45 డిగ్రీలు తిరిగాక ఆ 141 అంతా ఒకే దిక్కుకు వస్తుంది, బైటులో అది −115 అయిపోతుంది. మూల బొమ్మలో అడ్డం, నిలువు 127 లోపు ఉన్నాయని చూస్తే చాలదు, ప్రతి గీత పొడవూ 127 లోపు ఉండాలి. మించితే రెండు ముక్కలు చేయండి. మధ్య నుంచి మొదటి మూలకు వెళ్లే కదలికకూ ఇదే హద్దు.

ప్రశ్న: ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో గీసిన బొమ్మ తెర మీద తలకిందులై, ఎదురు దిశలో తిరుగుతోంది.

జవాబు: అది దాచే ఎస్‌వీజీ ఫైలులో నిలువు విలువ కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది, వెక్‌ట్రెక్స్‌లో పైకి. ఫైలు చదవగానే, తిప్పడానికి ముందే, నిలువు గుర్తు మార్చండి. మార్చకపోతే బొమ్మ తలకిందులవుతుంది, తిప్పాక మారిస్తే దిశ ఎదురవుతుంది. జాబితాలో నిలువు ముందు, అడ్డం తర్వాత రావాలన్నది కూడా చూసుకోండి, అవి తారుమారైతే బొమ్మ పక్కకు ఒరిగి అద్దంలో చూసినట్టుంటుంది. వంపులు వదిలి సరళరేఖలే వాడండి, గ్రిడ్‌కు స్నాప్ పెట్టండి. సేవ్ చేసే ముందు అన్‌గ్రూప్ చేయండి. గ్రూపు మీద మిగిలిపోయిన ట్రాన్స్‌ఫార్మ్‌ను (జరపడం, తిప్పడం వంటి మార్పు) మీ టూల్ చదవకపోతే బొమ్మ మధ్యలో కాక ఎక్కడో మూలన తేలుతుంది.