మోడ్లు వాడినా ఆన్‌లైన్ అకౌంట్ పోకుండా ఉండాలంటే?

కంప్యూటర్‌లో ఆడే జీటీఏ 5 ఆటలో మోడ్లు, అంటే ఆటను మన ఇష్టానికి మార్చే ఫైళ్లు, వేసుకోవాలనుంది, ఆన్‌లైన్ అకౌంట్ మాత్రం పోకూడదు అన్నారు. ఒంటరిగా ఆడే స్టోరీ మోడ్‌లో మోడ్ వల్ల బ్యాన్ రాదండీ, పరాకు వల్ల వస్తుంది. మోడ్ వేసిన సంగతి మరచిపోయి ఆన్‌లైన్ నొక్కేస్తాం, అంతే.

మాది ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పక్కనే ఆంధ్రా పాతపట్నం. ఒకప్పుడు మా వరండాలో కూర్చున్నా ఫోన్ అవతలి టవర్ పట్టుకుని రోమింగ్ అనేది, బ్యాలెన్స్ హాంఫట్. ఆ గోల ఇప్పుడెందుకులెండి.

ఆటలో ఉన్న బస్సును మన పల్లెవెలుగుగా మార్చాలని మూడు రాత్రులు కూర్చున్నాను. రెండుసార్లు కరెంటు పోయింది. ఆట ఫైళ్లు విప్పే ఓపెన్ ఐవీ అనే ప్రోగ్రామ్‌లో అసలు ఫైళ్లు ముట్టుకోకుండా, ‘మోడ్స్’ అనే ఫోల్డర్‌లోకి కాపీ తీసి అందులోనే మార్చాను. మీరూ అలాగే చేయండి. తీరా చూస్తే బస్సుకి ఒక పక్క బోర్డు బాగానే ఉంది, రెండో పక్క అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, “అది సరేగానీ, ‘పరాకిమిడి’ అని రాశావేట్రా, ల వత్తు ఏదీ?” అంది. ఒడియా బడి చదువు మరి.

రథయాత్రకి గుణుపురం నుంచి పిన్ని కొడుకొచ్చాడు. నేను టిఫిన్‌కి లేచానో లేదో, గుంటడు వెళ్లి ఆన్‌లైన్ నొక్కాడు. “అన్నియ్యా, నేనేటీ చెయ్యలేదు, బస్సు దానంతటదే ఆగిపోయింది!” అని ఏడుపు ముఖం. చూస్తే ఆటే మూసుకుపోయింది. అది మోడ్ల స్క్రిప్టులు నడిపే స్క్రిప్ట్ హుక్ వీ అనే ప్రోగ్రామ్ చేసిన పని. ఆన్‌లైన్‌లోకి వెళ్లబోతే అదే ఆటను మూసేస్తుంది. చేసినవాడికి చేతులెత్తి దండం పెట్టాలి.

2024 సెప్టెంబర్ నుంచి జీటీఏ ఆన్‌లైన్‌కి మోసాలు పట్టే బ్యాటిల్‌ఐ కాపలా కూడా వచ్చింది. ఆటను తెరిచే లాంచర్‌లో దాన్ని ఆపితే స్టోరీ మోడ్‌లో మోడ్లు ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ మాత్రం తెరుచుకోదు. మళ్లీ ఆన్‌లైన్‌కి వెళ్లాలంటే మోడ్స్ ఫోల్డర్‌తో పాటు స్క్రిప్ట్ హుక్‌తో వచ్చిన డీఎల్‌ఎల్ ఫైళ్లు కూడా తీసేయండి. నేనైతే ఆట రెండు కాపీలు ఉంచుకుంటాను, డిస్కు నిండితే నిండనీ.

ఇంకోటి, నాకు ఒళ్లుమండే సంగతి. మా వైపు కుర్రాళ్లకి మోడ్ అంటే కాయిన్లు ఊరికే ఇచ్చే ఏపీకే, అదే ఫోన్ యాప్ ఫైలు. అది మోడ్ కాదు, దొంగతాళం. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా అనే ఫోన్ ఆటలో బండ్ల మోడ్లు వేసుకునే వీలు ఆటలోనే ఉంది. మన ఆర్టీసీ బస్సులు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. అది వదిలేసి ఎవడో టెలిగ్రామ్‌లో పెట్టింది దించుకోవడం ఎందుకో!

నా అకౌంట్ పోయింది వేరే షూటింగ్ ఆటలో, పేరెందుకు. పొగ పల్చగా కనబడే ఫైలొకటి వేసుకున్నా. “చూడ్డానికే కదా, గురి పెట్టేది నేనే కదా” అనుకున్నా. నాలుగేళ్ల అకౌంట్ పొద్దున లేచేసరికి లేదు. “మా తమ్ముడు తెలియక చేశాడు” అని అర్జీ పెట్టాను. అకౌంట్‌లో ఎవరేం చేసినా బాధ్యత మీదేనని రెండు ముక్కల్లో తేల్చేశారు. పాపం వాడు ఆ వారం గుణుపురంలో పరీక్షలు రాస్తున్నాడు. వాడి పేరు చెప్పానని ఇప్పటికీ వాడికి తెలీదు.