కంపెనీ ఇచ్చే డిస్కౌంటు లంచం కిందకి వస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడిలో చిన్న మెడికల్ షాపు అండి. బరంపురం స్టాకిస్టు 10+1 స్కీము (పది కొంటే ఒకటి ఫ్రీ) బిల్లులోనే ఇస్తాడు, అప్పుడప్పుడు క్రెడిట్ నోటు (కొన్నాక కొంత డబ్బు మన ఖాతాలో తగ్గించే కాగితం) కూడా వస్తుంది. మొన్న ఒక ఎంఆర్ (మందుల కంపెనీ రిప్రజెంటేటివ్) వచ్చి, ఫలానా మందు ఎక్కువ కదిలించండి, బిల్లులో లేకుండా చేతికి ఇస్తాం అన్నాడు, వద్దన్నాను. అమెరికాలో హాస్పిటల్ ఫార్మసీలో చేస్తున్న మా అమ్మాయికి చెప్తే, ఇక్కడ అలాంటిదానికి జైలే నాన్నా, డిస్కౌంటుకి మాత్రం మినహాయింపు ఉంది అంది. రెండిట్లోనూ మిగిలేది డబ్బే కదా, తేడా ఏంటి?
— ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: వద్దన్నారు చూడండి, ముందు దానికి మీకు నమస్కారం. మీ అమ్మాయి చెప్పింది కరెక్టే. అక్కడ మెడికేర్, మెడికెయిడ్ అని ప్రభుత్వం డబ్బు కట్టే పథకాలున్నాయి, వాటి కిందకొచ్చే మందు కొనడానికి గానీ రాయడానికి గానీ ఎవరికైనా ఏదైనా ముట్టజెప్తే నేరం, 1972 నాటి చట్టం అది, ఇచ్చినోళ్ళూ పుచ్చుకున్నోళ్ళూ ఇద్దరూ దొరుకుతారు, ఇప్పుడైతే 10 ఏళ్ళ దాకా జైలు, లక్ష డాలర్ల దాకా జరిమానా. చట్టం ఇంత విశాలంగా ఉంటే మామూలు డిస్కౌంటు కూడా అందులో పడిపోతుంది కదా, అందుకే 1977లో శిక్ష పెంచినప్పుడే డిస్కౌంటుకి మినహాయింపు ఇచ్చారు, 1991లో దానికి రూల్స్ రాశారు, వాటిని సేఫ్ హార్బర్ అంటారు, అంటే అవి పాటిస్తే ఈ చట్టం కింద నేరం కాదు.

అసలు సంగతి ఆ రూల్స్‌లోనే ఉంది. ఫార్మసీకి ఇచ్చే డిస్కౌంటు అమ్మేటప్పుడే ఇవ్వాలి, తర్వాత ఇచ్చే రిబేటు అయితే దాని లెక్క మొదటి అమ్మకం నాడే రాతపూర్వకంగా చెప్పేయాలి. కంపెనీ ఇన్‌వాయిస్‌లో చూపించాలి, ప్రభుత్వం అడిగితే కొన్నవాళ్ళు కాగితం తీసి పెట్టాలి. చేతికిచ్చే క్యాష్ డిస్కౌంటు కిందకే రాదు. ప్రైవేటు వాళ్ళకి తగ్గించి మెడికేర్, మెడికెయిడ్‌కి తగ్గించకపోయినా రాదు. అంటే తగ్గిన డబ్బు మందుకి బిల్లు కట్టేవాళ్ళ కంటికి కనబడాలి, మీ ఎంఆర్ అడిగింది సరిగ్గా దీనికి ఎదురు.

అక్కడా అంతా బాగుందని కాదండి. బీమా ప్లాన్ల తరఫున మందుల లిస్టు తయారుచేసే మధ్యవర్తి కంపెనీలకి పెద్ద రిబేట్లు వెళ్తాయి, రోగి మాత్రం చాలాసార్లు పూర్తి రేటు మీద లెక్కేసిన తన వాటా కౌంటర్ దగ్గర కడతాడు. మెడికేర్ మందుల ప్లాన్లలో ఈ రిబేట్లకి రక్షణ తీసేస్తూ 2020లో రూల్ తెచ్చారు గానీ 2022 చట్టంతో దాన్ని 2032కి తోసేశారు. జబ్బుతో ఉన్నవాడి జేబుకి చేరని డిస్కౌంటుకి చట్టం గొడుగు పట్టడం నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

ఇక మన దగ్గర. డాక్టర్లకి గిఫ్టులు ఇవ్వకూడదని కంపెనీలకి 2024 మార్చిలో కేంద్రం కోడ్ తెచ్చింది, డాక్టర్లకిచ్చే ఫ్రీబీస్‌ని వ్యాపార ఖర్చుగా చూపించి ట్యాక్స్ తగ్గించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలోనే చెప్పింది. మీ 10+1 బిల్లులోకి ఎక్కుతోంది కాబట్టి దానికీ ఎంఆర్ చెప్పినదానికీ పోలిక లేదు. క్రెడిట్ నోటుకి మాత్రం ఎంత కొంటే ఎంత వస్తుందో సరుకు దించుకోకముందే స్టాకిస్టు దగ్గర కాగితం మీద రాయించుకోండి, వచ్చాక ఏ బిల్లుకి వచ్చిందో ఆ బిల్లుకే పిన్ను కొట్టి ఉంచండి.