కాలనీ బాగుపడేదాకా చేతిలో డబ్బుండాలి కదా!

ముందు ఉత్తరం సంగతి. రాసినాయనకు 31 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే, అద్దె ఇంట్లో ఉంటున్నారు. యాభై ఏళ్ల కిందట కట్టిన ఒక శివారు కాలనీలో పాత ఇల్లు చూశారు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయి, తల్లిదండ్రులే మిగిలి, బడి మూతపడి, సగం దుకాణాలు షట్టర్లు దించేసిన కాలనీ అది. అక్కడికి మళ్లీ కుర్రకారును రప్పించాలని మున్సిపాలిటీ ఒక ప్రణాళిక ప్రకటించింది. రైలు స్టేషన్ వస్తుందట, నడక దారులు వేస్తారట, కింద షాపులూ పైన ఇళ్లూ కట్టనిస్తారట, పెద్ద ఇళ్లను చిన్న వాటాలుగా మార్చుకోనిస్తారట. "ధరలు పెరగకముందే కొనేసి వెనక వైపు రెండు గదులు ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లకు అద్దెకిస్తే సగం ఈఎంఐ వాళ్లే కట్టినట్టు కదా సార్? డౌన్ పేమెంటుకి మా అత్యవసర నిధి మొత్తం వాడేసి, తక్కువ పడిందానికి, రిపేర్లకి పర్సనల్ లోన్ తీసుకుంటాం. హోమ్ లోన్ మంజూరయ్యాక తీసుకుంటే బ్యాంకుకి తెలియదని ఫ్రెండ్ చెప్పాడు, నిజమేనా?" ఇదీ ఆయన ప్రశ్న.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఊరి పేరు మారుతుంది, ప్రాజెక్టు పేరు మారుతుంది, అత్యవసర నిధిని ఊడ్చేసే పద్ధతి మాత్రం మారదు. అందుకే ఈయన ఒక్కరికే మెయిల్ పెట్టకుండా ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పంపిన అంకెలు ఉన్నవున్నట్టు వేయను. ఇద్దరి చేతికొచ్చే నెల జీతం 100 అనుకుందాం, మిగతావన్నీ ఆ లెక్కలోనే. ఇప్పుడు అద్దె 22, కారు ఈఎంఐ 9, మిగతా ఇంటి ఖర్చులు 38. మొత్తం 69 పోగా నెలకు 31 మిగులుతోంది. అత్యవసర నిధి 400 ఉంది, అంటే జీతాలు రెండూ ఆగిపోయినా దాదాపు ఆరు నెలలు ఇల్లు నడుస్తుంది. ఆ వయసులో చాలామందికి ఇంత కుదరదు, ఇంత క్రమశిక్షణగా దాచుకున్న మనిషే దాన్ని ఒక్క సంతకంతో ఖాళీ చేస్తానంటున్నారు చూడండి, అదీ నా బాధ.

ఇల్లు 4,500. ఇరవై ఏళ్లకు 9 శాతం వడ్డీ మీద 4,000 హోమ్ లోన్, ఈఎంఐ 36. డౌన్ పేమెంటు, రిజిస్ట్రేషన్ కలిపి చేతి నుంచి 650 కావాలి. అందులో 400 అత్యవసర నిధి, 250 పర్సనల్ లోన్. రిపేర్లకు ఇంకో 300 కూడా పర్సనల్ లోనే. ఆ 550కి ఐదేళ్ల పాటు నెలకు 13. కారుతో కలిపి ఈఎంఐలే 58 అవుతాయి. ఇంటి ఖర్చు 38 కూడా వేస్తే 96. మిగిలేది 4. గదుల అద్దె 18 వస్తుంది కాబట్టి 22 మిగులుతుందని ఆయన రాశారు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. రిపేర్లు అయ్యేదాకా ఆ ఇంట్లో మీరూ ఉండలేరు, అద్దెకున్నవాళ్లూ ఉండలేరు. ఆరు నెలలు పడుతుందని మీ మేస్త్రీ అన్నాడని మీరే రాశారు (మేస్త్రీ ఆరు అంటే నేను తొమ్మిది రాసుకుంటాను, అది వేరే సంగతి). ఆ ఆరు నెలలూ ఇప్పుడున్న ఇంటి అద్దె 22 కట్టాల్సిందే కదా, అది మీ లెక్కలో ఎక్కడా లేదు! అది కలిపితే నెలకు ఖర్చు 118, వచ్చేది 100. ఆరు నెలలకు లోటు 108, అంటే ఒక నెల జీతం కంటే ఎక్కువ. ఆ లోటు ఎక్కడి నుంచి పూడుస్తారు? అత్యవసర నిధి అప్పటికే ఇల్లు అమ్మినాయన చేతిలో ఉంటుంది. ఇక మిగిలింది క్రెడిట్ కార్డు. కార్డులో మినిమం కట్టడం మొదలుపెట్టిన ఇల్లు ఎటు వెళుతుందో నేను చాలాసార్లు చూశాను.

ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరూ ఆసుపత్రిలో చేరలేదు, వడ్డీ పెరగలేదు అనుకుంటేనే ఈ లెక్క. వడ్డీ 2 శాతం పెరిగితే ఆ 36 కాస్తా 41 అవుతుంది. 2022, 2023లో చాలా దేశాల్లో వడ్డీలు అంతకంటే ఎక్కువే పెరిగాయి, కాబట్టి ఇదేదో భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు.

ఇక పాత కాలనీ సంగతి. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. ఇలాంటి కాలనీల్లో ఇళ్లన్నీ రెండు మూడేళ్లలో ఒకేసారి కట్టినవి. అంటే పైపులు, డ్రైనేజీ, కరెంటు వైర్లు, రోడ్లు అన్నీ ఒకే వయసువి, పాడయ్యేవి కూడా దాదాపు ఒకేసారి. ఇంట్లో పైపు మీరు మార్చుకుంటారు, వీధి కింద పైపు మున్సిపాలిటీ మారుస్తుంది, ఆ ఖర్చు పన్ను రూపంలోనో కనెక్షన్ చార్జీగానో మళ్లీ మీ గుమ్మంలోకే వస్తుంది. కాలనీని బాగుచేసే డబ్బు కూడా ఆకాశం నుంచి ఊడిపడదు. ఇంటి విలువ పెరిగితే ఇంటి పన్ను పెరుగుతుంది, అమ్మనంతవరకు ఆ పెరిగిన విలువ మీ జేబులోకి రాదు, పన్ను నోటీసు మాత్రం ఠంచనుగా వస్తుంది.

ఇంటి మరమ్మతులకు ఏటా ఇంటి విలువలో 1 శాతం పక్కన పెట్టాలని మా వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది. మీ ఇంటికి అది ఏడాదికి 45, నెలకు దాదాపు 4. రిపేర్లన్నీ అయి మీరు ఆ ఇంట్లో చేరాక మిగిలే 4 అక్కడే అయిపోయింది. యాభై ఏళ్ల ఇంటికి నేనైతే 2 శాతం వేస్తాను. నేనూ ఒకప్పుడు పాత ఇల్లు కొన్నవాణ్నే. మూడో నెలలో డ్రైనేజీ పైపు కూలి, తవ్వితే చెట్ల వేళ్లు ఎక్కడిదాకా పోయాయో కనిపించింది. ఆ రోజు చేతిలో నిధి లేకపోతే బావమరిదిని అడగాల్సి వచ్చేది, ఆ ఒక్క మాట చాలు నేను ఈ విషయంలో ఎందుకింత మొండిగా ఉంటానో అర్థం కావడానికి.

"ప్రకటించేశారు కదా సార్" అంటారు. ప్రకటన వేరు, స్టేషన్ వేరు, కుర్రాళ్లు వచ్చి గదులు నింపడం వేరు. అమెరికాలో వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ చూడండి. మెట్రో రైలు ఆధారంగా శివారును మళ్లీ నిలబెట్టడానికి అందరూ చెప్పే మంచి ఉదాహరణ అదే. 1960లలోనే ఆలోచన మొదలుపెట్టి, హైవే మధ్య నుంచి పోవాల్సిన లైనును పాత షాపుల వీధి కిందకు మళ్లించారు. ఆర్లింగ్టన్‌లోనే ఉన్న బాల్‌స్టన్ దాకా రైలు వచ్చింది 1979 చివర్లో. స్టేషన్ల చుట్టూ ఇప్పుడు కనిపించే ఇళ్లు, ఆఫీసులు ఆ తర్వాత దశాబ్దాల పాటు ఒక్కొక్కటే లేచాయి. జపాన్‌లో టోక్యో శివారు తామా న్యూటౌన్‌కి జనం మొదట వచ్చింది 1971లో. అక్కడ సువా అనే చోట 640 ఫ్లాట్ల పాత సముదాయాన్ని కూల్చి 1,249 ఫ్లాట్లు కట్టారు, కొత్త కుటుంబాలూ వచ్చాయి, నిజంగా బాగుపడింది. కానీ అది పూర్తయింది 2013లో, అంతకుముందు ఓనర్లను ఒప్పించడానికే ఏళ్లూ పూళ్లూ పట్టింది. రెండూ గెలిచిన కథలే చెప్పాను, గమనించారా? మీ పర్సనల్ లోన్ గడువు ఐదేళ్లు. మొదటి ఈఎంఐ వచ్చే నెలే.

వాటాలుగా మార్చుకునే అనుమతి ఇంకా సున్నితమైన విషయం. మీ ప్లాన్ మొత్తం దాని మీదే ఉంది, అనుమతి లేకుండా వెనక గదులు అద్దెకిస్తే అది ఆదాయం కాదు, నోటీసు. అమెరికాలోని మినియాపోలిస్ నగరం ఒక స్థలంలో ఒకే కుటుంబం ఇల్లు అనే నియమాన్ని తీసేస్తూ 2018 చివర్లో ప్రణాళిక ఆమోదించింది, ప్రపంచమంతా చెప్పుకుంది. తర్వాత కేసులు పడ్డాయి. 2023లో కోర్టు అమలు ఆపమంది, 2024లో రాష్ట్ర చట్టసభ చట్టం మారిస్తే గానీ ఆ ముడి వీడలేదు. కాబట్టి మీ సర్వే నంబరుకు కాగితం మీద అనుమతి వచ్చేదాకా గదుల అద్దె 18ని సున్నాగా రాసుకోండి. వచ్చాక కూడా 15 రాసుకోండి, ఎందుకంటే కుర్రాళ్లు ఉద్యోగం మారితే ఇల్లు మారతారు, ఏడాదిలో రెండు నెలలు ఖాళీగా ఉండటం మామూలే.

పాత ఇళ్లు బాగుచేసుకునేవాళ్లకు మున్సిపాలిటీ సాయం ఇస్తుందని కూడా రాశారు. ఇస్తే తీసుకోండి, మంచిదే. కానీ ఇలాంటి సాయం చాలాచోట్ల పని పూర్తిచేసి బిల్లులు చూపించాకే చేతికొస్తుంది. అంటే ముందు డబ్బు మీరే పెట్టాలి, అందుకు కూడా నిధి ఉండాలి.

ఇక బ్యాంకుకు తెలియకుండా అన్న మాట. ఇది చదివి నాకు కోపమే వచ్చింది, దాచను. మొదటిది, తెలుస్తుంది. డబ్బు విడుదల చేసేముందు బ్యాంకు మళ్లీ మీ క్రెడిట్ రిపోర్టు తీసుకోవచ్చు, అప్పుడు మంజూరు రద్దయితే అడ్వాన్సు ఇరుక్కుంటుంది. రెండోది, తెలియకపోయినా మీరు దాస్తున్నది మీ నుంచే. ఇంత ఆదాయానికి ఇన్ని ఈఎంఐలు కష్టం అని బ్యాంకు అంటుందని మీకు తెలుసు, అందుకే కదా చెప్పకూడదనుకున్నారు? అప్పు ఇచ్చి బతికే సంస్థే వద్దంటుంటే మీకు తొందరేమిటి? డౌన్ పేమెంటుకు అప్పు చేసే పరిస్థితి ఉంటే ఆ ఇల్లు ఇప్పటికి మీది కాదు, అంతే. ఆ ఫ్రెండు మీ లోనుకు హామీ సంతకం పెడతాడేమో అడిగి చూడండి.

మరి ఏం చేయాలంటే, ఆ కాలనీ మీకు నిజంగా నచ్చితే ముందు అక్కడే అద్దెకు దిగండి. పాత కాలనీల్లో అద్దెలు సాధారణంగా తక్కువే ఉంటాయి. ఒక ఏడాది ఉంటే వానాకాలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, రాత్రి తొమ్మిది తర్వాత ఆఫీసు నుంచి ఎలా రావాలో, ప్రణాళికలో ఉన్న రోడ్డు పని మొదలైందో లేదో మీ కళ్లతోనే చూస్తారు. ఈ ఏడాదిలో మీ 31 మిగులులో కనీసం 25 పక్కన పడితే 300 అవుతుంది, ముందున్న 400ని ముట్టుకోకుండానే. రెండేళ్లకు 600, డౌన్ పేమెంటు దాదాపు అక్కడికే వచ్చేసింది. ఈలోపు ధర పెరిగితే? పెరగొచ్చు. పెరిగితే ఇంకొంచెం చిన్న ఇల్లు, లేదా ఇంకో వీధి. ధర పెరగడం వల్ల కలిగే నష్టం ఏమిటో మీరే లెక్కవేసి, నిధి లేకుండా ఆరు నెలలు 18 చొప్పున లోటులో ఉండటంతో పోల్చి చూడండి.

కొన్నప్పుడు కూడా 400ని అలాగే ఉంచి, పాత ఇంటి కోసం వేరే ఖాతాలో కనీసం 90 పెట్టుకోండి. ఈ రెండూ కలపొద్దు. ఒకటి ఉద్యోగం పోతే, రెండోది పైపు పగిలితే. టర్మ్ ఇన్సూరెన్స్ (సంపాదించే మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే పాలసీ) గురించి మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నాను, హోమ్ లోన్ సంతకానికి ముందే అది తీసుకోండి. ఫండ్స్, బంగారం గురించి అడిగారు, నిధి నిండాక మాట్లాడుకుందాం.

ఇంటి ఓనరుకు టోకెన్ అడ్వాన్సు ఇచ్చేశారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఇవ్వకపోతే ఆగండి. ఇచ్చి ఉంటే, లోన్ రాకపోతే వెనక్కిస్తారన్న షరతు ఆ కాగితంలో ఉందేమో ఈ రోజే చూసి, ఉన్నా లేకపోయినా నాకు రాయండి.