గప్పీ చేప మలద్వారం దగ్గర ఎర్రటి పోగులు కనిపిస్తున్నాయి, ఏ మందు వేయాలి?

చేప కదలకుండా ఉన్నప్పుడు బయటికొచ్చి, ఈదగానే లోపలికి వెళ్లిపోతున్నాయా? అయితే దాదాపుగా కమలానస్ అనే పేగు పురుగులే. చాలామంది ప్రాజిక్వాంటెల్ వేస్తారు గానీ అది బద్దెపురుగుల మందు, వీటికి పనిచేయదు. లెవామిసోల్ కావాలి. అది పురుగుకు పక్షవాతం తెప్పిస్తుంది. పేగుమీద పట్టు వదిలి మలంతో పాటు బయటపడుతుంది. కాబట్టి మర్నాడు ట్యాంక్ అడుగంతా సైఫన్‌ గొట్టంతో లాగేయడమే అసలు పని, లేకపోతే పడ్డవాటిని చేపలు మళ్లీ మింగుతాయి. మందు వేసేముందు ఫిల్టర్‌లో మందును పీల్చేసే కార్బన్ తీసేసి, లైట్ ఆర్పేయండి. రెండు మూడు వారాలకు మరో డోసు. ఒక్క చేపకే కనిపించినా ట్యాంక్ మొత్తానికీ వైద్యం చేయాలి.

పోగుల్లేకుండా తెల్లటి జిగట మలం, లోపలికి పోయిన పొట్ట మాత్రమే ఉంటే లెవామిసోల్ జోలికి పోకండి. అప్పుడు ముందు అనుమానించాల్సింది హెక్సామిటా లాంటి సూక్ష్మజీవుల్ని. వాటికి మెట్రోనిడజోల్ కలిపిన మేత.