పాఠకుల ప్రశ్నలు: ఫెస్ పాత బస్తీలో ఒక్కరోజు

ప్రశ్న: పని మీద మొరాకోలోని కాసాబ్లాంకా వెళ్తున్నాం. ఒక్కరోజు ఖాళీ ఉంది, ఫెస్ చూడాలని ఆశ. అత్తమ్మ కూడా వస్తోంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయ్యే పనేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు రాత్రే ఫెస్ చేరితే అవుతుంది. కాసాబ్లాంకా నుంచి రైలుకు దాదాపు 4 గంటలు. పొద్దున పోయి సాయంత్రం తిరిగొద్దామంటే రోజంతా రైల్లోనే గడిచిపోతుంది. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, బజార్లో చాలా దుకాణాలు మూసే ఉంటాయి.

పాత బస్తీ గిన్నెలాంటిది. పడమటి అంచున, మిట్ట మీద బాబ్ బూజ్లూద్ దర్వాజా ఉంటుంది. గిన్నె అడుగున ఖరవీయీన్ మసీదు, ఏటి పక్కన తోళ్ల గుంతలు (పచ్చి తోళ్లను నానబెట్టి రంగు వేసే చోటు) ఉంటాయి. కాబట్టి మీద మొదలుపెట్టి దిగుతూ పోవాలి. చాలామంది చేసే తప్పు ఏంటంటే, దిగిన దారినే మళ్లీ ఎక్కడం. ఆ వీధి పేరు తలా కబీరా, అంటేనే పెద్ద ఎక్కుడు. అడుగున ర్సీఫ్ చౌక్ దాకా ఎర్ర చిన్న టాక్సీలు వస్తాయి, ముగ్గురు కూర్చోవచ్చు. అక్కడ ఎక్కేసి వచ్చేయండి.

ఎత్తైన గోడల నడుమ ఫోన్‌లో మ్యాప్ తికమకపడుతుంది. అప్పుడు నేల వాలును చూసి దారి పట్టాలి: దిగితే మసీదు వైపు, ఎక్కితే దర్వాజా వైపు. ‘ఈ దారి బంద్’ అని వెంటబడే కుర్రాళ్ల మాట నమ్మకండి, నేరుగా ఏదో దుకాణానికి తీసుకుపోతారు. వెనుక నుంచి ‘బలాక్!’ అని కేక వినబడితే గోడకు ఆనుకోండి. మన ‘జరుగుండ్రి’ లాంటిదే అది, వచ్చేది మూటలు మోసే గాడిద. లోపల కార్లు తిరగవు.

9 గంటలకు బూ ఇనానియా మదర్సాలో ఉండండి. 14వ శతాబ్దం నాటిది, ముస్లిమేతరులు కూడా లోపలికి పోవచ్చు. దాని గోడను కింది నుంచి పైకి చదవాలి. నడుం ఎత్తు దాకా జెల్లీజ్: మెరుపు పూత పూసి కాల్చిన పెంకును చిన్న సుత్తితో ముక్కముక్కగా చెక్కి, బోర్లా పేర్చి, వెనుక గచ్చు పోస్తారు. పైన చెక్కిన సున్నపు పని, ఆపైన దేవదారు కలప. ఉర్దూ చదవను వచ్చినవాళ్లకు రాతల్లో అక్షరాలైనా గుర్తుపట్టే ఆనందం ఉంటుంది.

859లో ఫాతిమా అల్ ఫిహ్రీ కట్టించిందని చెప్పే ఖరవీయీన్ మసీదులోకి మాత్రం ముస్లిములకే ప్రవేశం, మిగతావారు గుమ్మం దగ్గర నిలబడి ముంగిలి చూడాల్సిందే. పక్కనే సఫ్ఫారీన్ చౌక్. రాగి డేగిసాల మీద సుత్తి దెబ్బలు మూల తిరగకముందే వినబడతాయి. పెంబర్తి చూసినవాళ్లు ఇక్కడ తొందరగా కదలరు.

అత్తమ్మగారిని అంత దూరం నడిపించకండి. పొద్దున బాబ్ బూజ్లూద్, మదర్సా చూపించి, బయటి దారిన టాక్సీలో ర్సీఫ్‌కు తీసుకెళ్లండి. సఫ్ఫారీన్ అక్కడికి దగ్గరే. చీర కన్నా సల్వారు, పట్టున్న బూట్లు మేలు. గాడిద పేడ పడి, వానకు తడిసిన రాళ్లు భలే జారతాయి.

డబ్బు సంగతి: దిర్హాములు ఇక్కడ దొరకవు. యూరోలు పట్టుకుపోయి అక్కడ మార్చుకోండి, చిల్లర ఉంచుకోండి.

ప్రశ్న: తోళ్ల గుంతల దగ్గర వాసన భరించలేమంటారు. నిజమేనా? అక్కడ చెప్పులు కొనొచ్చా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: నిజమే. చువారా గుంతలను చుట్టూ ఉన్న తోలు దుకాణాల మిద్దెల మీంచి చూస్తారు. పొద్దున 11 లోపు పోతే ఎండ ముదరదు, వాసనా తక్కువ. చేతిలో పెట్టే పుదీనా రెమ్మ కొంత ఆదుకుంటుంది.

తెల్ల గుంతల్లో సున్నం, పావురాల రెట్ట ఉంటాయి. సున్నం వెంట్రుకలను వదులు చేస్తుంది, రెట్ట తోలును మెత్తబరుస్తుంది. ఆ తర్వాతే రంగు గుంతలు, మనుషులు తొడల లోతు దిగి కాళ్లతో తొక్కుతారు. మన ఊళ్లలో తంగేడు చెక్కతో నడిచిన లందలు చూసిన పెద్దలకు ఇందులో వింతేమీ ఉండదు.

మిద్దె ఎక్కనిచ్చినందుకు కొనాలన్న మొహమాటం పెట్టుకోకండి, కొంత చిల్లర ఇస్తే చాలు. కొంటే మాత్రం తడి రుమాలుతో లోపలి వైపు రుద్ది చూడండి. రంగు అంటితే పాదాలకూ అంటుతుంది. అడుగు కుట్టిందా, జిగురుతో అంటించిందా అంచు వంచి చూడండి. పచ్చి వాసన గట్టిగా ఉంటే వదిలేయండి, సూట్‌కేసులో బట్టలన్నిటికీ పడుతుంది.

ప్రశ్న: మేం శాకాహారులం. ఏం తినాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బిసారా అడగండి. ఎండిన బాకలా (ఫావా చిక్కుడు) గింజల చిక్కటి పులుసు, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. రొట్టెతో తింటే కడుపు నిండుతుంది. జాలూక్ కూడా బాగుంటుంది, వంకాయ–టమాటా పచ్చడనుకోండి. ‘కూరగాయల కుస్‌కుస్’ (ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ) అనగానే నమ్మకండి, చాలాచోట్ల మాంసం ఉడికిన నీళ్లతోనే చేస్తారు. హరీరా చారుదీ అదే కథ. కారం చాలదనిపిస్తుంది, మీ పచ్చడి పొట్లం మీదే.