ఫుకియన్ టీ మొక్క తెచ్చుకున్న లావణ్యకు

చి. లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఫుకియన్ టీ బోన్సాయ్ (తొట్టిలో పొట్టిగా పెంచే చెట్టు) ఫోటో చూశాను. ఆకుల మీద తెల్ల చుక్కలు పురుగనుకుని మందు కొట్టబోతున్నావట, ఆగు. గోటితో గీకి చూడు. ఊడి రాకపోతే అవి ఆకుతో పాటు పుట్టినవే. వేలితో రాస్తే గరుకుగా తగులుతాయి. దూదిలా ఊడి వస్తే మాత్రం పిండినల్లి, తడిబట్టతో తుడిచేయి. ఘాటైన మందులు ఈ మొక్కకు పడవు, ఆకులన్నీ రాల్చేస్తుంది.

అక్కడ ఫుకియన్ టీ అని నీకు అమ్మింది మన బాపనబూరి పొదే. వరసకు నక్కెర చెట్టుకు చుట్టం. మన చిట్టడవుల ఎండలో పెరిగే జాతికి న్యూజెర్సీ చలి ఏం తెలుసు? రాత్రిళ్ళు 12 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే లోపలికి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర పెట్టు. హీటర్ గాలి తగలనివ్వకు. హాల్లో ఒకరోజు, వంటింట్లో ఒకరోజు అంటూ తిప్పకు. చోటు మారినందుకు కొన్ని ఆకులు రాలినా కంగారుపడి నీళ్ళు గుమ్మరించకు. కొమ్మ బెరడు కాస్త గీసి చూడు, లోపల పచ్చగా ఉంటే చాలు.

అన్నిటికంటే ముందు మట్టి మీద జిగురుతో అంటించిన ఆ గులకరాళ్ళు పీకేయి. రవాణాలో మట్టి ఒలకకుండా అమ్మేవాళ్ళు చేసే పని అది. పోసిన నీళ్ళు పక్కలకు జారిపోతాయి, నడిమి వేళ్ళు ఎండిపోతాయి. నువ్వేమో రోజూ పోస్తున్నాననుకుంటావు! ఇకమీదట వారానికి ఇన్నిసార్లని లెక్క పెట్టుకోకుండా వేలు గుచ్చి చూడు. పైమట్టి ఆరడం మొదలైతే, తొట్టి అడుగున కారేదాకా పోయి. పళ్ళెంలో నిలిచింది పారబోయి.

కత్తెరకు తొందరలేదు. కొత్త కొమ్మకు ఆరేడు ఆకులు వచ్చాక రెండు మూడు ఉంచి కోయి. మిగిల్చిన చివరి ఆకు ఎటు చూస్తే కొత్త కొమ్మ అటే సాగుతుంది. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వాళ్ళు కొమ్మలకు లోహపు తీగ చుట్టి వంచకుండా, ఇలా కోతలతోనే చెట్టుకు వంపులు తెస్తారు. చిట్టి తెల్లపూలు కావాలంటే మాత్రం కొన్ని చిగుళ్ళు వదిలేయాలి.

పేరులో టీ ఉందని ఆకులు మరిగించేవు! ఫిలిప్పీన్స్‌లో కడుపునొప్పికి ఆ కషాయం తాగే మాట నిజమే, అక్కడి ఆరోగ్య శాఖ సిఫారసు చేసిన 10 మూలికల్లో ఇదీ ఒకటి. కానీ దుకాణం మొక్కకు ఏ మందులు కొట్టి ఉంటారో మనకేం తెలుసు?

తొట్టి మార్చడం వసంతంలో చూద్దాం. రాళ్ళు తీశాక మట్టి దగ్గరగా కనిపించేలా ఇంకో ఫోటో పంపు.

పెద్దమ్మ