కొత్త బ్లేడు వేసినా, అది బ్యాండ్ సా (చక్రాల మీద పట్టీలాంటి బ్లేడు తిరిగే రంపం మెషీను) చక్రం మీంచి జారిపోతోందా?

తప్పు బ్లేడుది కాకపోవచ్చు. చక్రాల రబ్బరు పట్టీ మీద రంపపు పొట్టు అట్టకట్టి ఉంటుంది, చూడండి. నేనైతే ఇది తెలియక రెండో బ్లేడు కూడా కొన్నాను.

1. ప్లగ్ పీకేయండి. టెన్షన్ (బ్లేడు బిగువు) వదులు చేసి, బ్లేడు తీసి, పట్టీని గీకి తుడవండి. పగుళ్లుంటే పట్టీ మార్చాల్సిందే.

2. చాలామంది వదిలేసేది ఇదే: బ్లేడు ఎక్కించే ముందు పైనా కిందా ఉన్న గైడ్లనూ (బ్లేడు పక్కకి కదలకుండా ఆపేవి), బ్లేడు వెనక ఆనే బేరింగులనూ పూర్తిగా దూరం జరపండి. అవి బ్లేడును తోస్తుంటే ట్రాకింగ్ నాబ్ (చక్రం మీద బ్లేడు నడిచే చోటు సరిచేసేది) ఎంత తిప్పినా కుదరదు.

3. టెన్షన్ ఇచ్చి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ ట్రాకింగ్ నాబ్‌ను కొద్దికొద్దిగా సవరించండి. బ్లేడు నిలకడగా పదిచుట్లు తిరగాలి.

4. గైడ్లు ఆఖర్న. కాగితం పట్టేంత సందు చాలు. పళ్లకు మాత్రం తగలకూడదు.